మా అత్త పెట్టిన వీధి

అందరి అత్తలూ పెళ్ళిలో కోడలికి నగో, పట్టుచీరో పెడతారు. మా అత్త సింహాచలమ్మ నాకు ఒక వీధి పెట్టింది.

డైరీ ఫార్మ్ అనే పేటలో నీళ్ళ ట్యాంకు కింద మొదలై, గుట్ట మీదికి వంకరగా ఎక్కి, పనసచెట్టున్న ఇంటి దగ్గర ఆగిపోయే వీధి అది. పెళ్ళయిన మర్నాడు మా అత్త నన్ను అక్కడికి తీసుకుపోయి ప్రతి గుమ్మం ముందూ నిలబెట్టింది. "ఇది మా లక్ష్ముడి పెళ్ళం, పేరు అమ్మడు. ఇకమీద పువ్వులు దీని సేత్తోనే," అని చెప్పింది. ఇళ్ళవాళ్ళు నన్ను ఎగాదిగా చూసి తలలూపారు. కాదనడానికి అక్కడ ఎవరికీ సందు లేదు.

దాన్నే వాడిక అంటాం. వీధి ఒక పూలమనిషిదైతే ఇంకో పూలమనిషి నీడ కూడా అందులో పడకూడదు. పొద్దున్నే ప్రతి గుమ్మానికీ ఒక మూర తగిలించి రావాలి, నెలాఖరుకి వాళ్ళిచ్చింది పుచ్చుకోవాలి. ఇంట్లో పెళ్ళయితే దండలూ పూలజడా మనమే కట్టాలి, వాళ్ళు చీర పెట్టాలి. ఇందులో కాగితాలూ సంతకాలూ ఏమీ ఉండవు. మా అత్తకు మాత్రం ఆ వీధి ఎవరూ పెట్టలేదు, కొరికి సంపాదించుకుంది. వేళాకోళానికి అనడం లేదు. ఆ గుట్ట మీద మొదటి రేకుల ఇళ్ళు లేస్తున్న రోజుల్లో మా జంగ్లీఘాట్ పడవల పేట నుంచి మా అత్తా, కాళమ్మ అనే మరో ఆవిడా ఒకేసారి బుట్టలెత్తుకుని వెళ్ళారట. మాటా మాటా పెరిగింది, బుట్టలు దొర్లాయి, చివరికి మా అత్త కాళమ్మ చెవి తమ్మె కొరికి ఉమ్మేసింది. కాళమ్మ అప్పటినుంచీ ఒక్క చెవికే కమ్మ పెట్టుకుని వేరే పేటలో అమ్ముకుంటోంది. మా పేటలో పిల్లలు అన్నం తినకపోతే బూచాడొస్తాడనరు, సింహాచలం వస్తుందంటారు.

నేను చెప్పేది మద్రాసు విమానం రోజూ రాని కాలం నాటి ఒక పెళ్ళిళ్ళ సీజను సంగతి. మా దీవుల్లో వానలు పడితే ఇక నెలల తరబడి ఆగవు కాబట్టి, మల్లెలు పూసే ఆ ఎండాకాలంలోనే పెళ్ళిళ్ళన్నీ కానిచ్చేస్తారు. చౌల్దారీ తోటల నుంచి బస్సు మీద మొగ్గల మూటలు దిగేవి. నేనూ మా అత్తా అరటి నార తడిపి కూర్చుంటే ముంగిట్లో అడుగు పెట్టడానికి చోటుండేది కాదు. ఆ సీజనులోనే, మా వీధి మొదట్లో, పాత సైకిలు కొట్టు ఖాళీ అయిన చోట పుష్పవతి పూలషాపు తెరిచింది.

పుష్పవతి మన తెలుగు చర్చివాళ్ళ మనిషి. అంతకుముందు ఇంట్లోనే కూర్చుని చావులకి పూలచక్రాలూ, పూల సిలువలూ కట్టి ఇచ్చేది. భర్త ప్రేమయ్యది ఎయిర్‌పోర్టులో పెట్టెలు మోసే పని. విమానంలో పూలు తెప్పించాలనే ఆలోచన అక్కడ పుట్టిందే. షాపుకి అద్దాల తలుపు, లోపల ట్యూబులైటు, ఐసు నింపిన పెట్టెల్లో గులాబీలు. ఒక్కో గులాబీకి ప్లాస్టిక్ కాగితం చుట్టి ఇచ్చేది. చూడ్డానికి నేనూ వెళ్ళి అద్దానికి ముక్కు ఆనించి నిలబడ్డాను. బాగుంది. మా అత్తతో మాత్రం ఏముందిలే బొమ్మల కొట్టులా ఉందని చెప్పాను.

మొదట కాలేజీ పిల్లలు తగ్గారు. వెళ్ళేటప్పుడు ఒక గులాబీ కొనుక్కుని పోయేవారు. తర్వాత ఆఫీసులకు వెళ్ళే ఆడవాళ్ళు. ఏ ఇల్లూ మమ్మల్ని మానమని చెప్పలేదు. కానీ పొద్దున్న నేను తగిలించిన మూర మర్నాడు వెళ్ళేసరికి అదే గుమ్మానికి, అదే మేకుకి వాడి వేలాడుతూ ఉండేది. దాన్ని తీసేసి కొత్త మూర తగిలించేదాన్ని. అవమానంతో నా చెవులు మండిపోయేవి.

మా అత్త ఆ వాడిపోయిన మూరలన్నీ బుట్టలో వేసుకుని ఒకరోజు షాపుకి నడిచింది. నేను వెనకాలే పరుగెత్తాను. పుష్పవతి లేచి నిలబడి మర్యాదగానే మాట్లాడింది. తాను మా వీధిలో కాలు పెట్టలేదనీ, రోడ్డు మీద కూర్చున్నాననీ, కావలసినవాళ్ళే వచ్చి కొనుక్కుంటున్నారనీ చెప్పింది. పూల దగ్గరికి మనిషి రావడమే ఇకమీద పద్ధతి అంది. వండూర్ వైపు టూరిస్టులు పెరుగుతున్నారు, వాళ్ళకి దండలు కావాలి, ఆఫీసర్లకి పూలగుత్తులు కావాలి, ఇంకొన్నాళ్ళకి ఫోన్లో చెబితే పూలు పంపే రోజులొస్తాయి అంది. ఆవిడ చెప్పినవన్నీ ఆ తర్వాత జరిగాయి. ఆవేళ మాత్రం మా అత్త ఒక్కటే అడిగింది.

"క్రీకు మొగకాడ వలేసుకుని కూకుని, సేపలే ఒచ్చి పడతన్నాయంటావేటే?"

మాట పూర్తవుతూనే పుష్పవతి జుట్టు పట్టుకుంది. పట్టుకుని అద్దాల తలుపు దాకా ఈడ్చింది. నేను మధ్యలో దూరి విడిపించబోతే మోచేత్తో నన్ను తోసేసింది. వాడిపోయిన పూలు పుష్పవతి నోట్లో కుక్కబోతోంటే, డ్యూటీ దిగి వస్తున్న ప్రేమయ్య రోడ్డు మీంచే చూసి పరుగున వచ్చాడు. మా అత్త రెండు భుజాలూ పట్టి వెనక్కి విసిరాడు. ఆవిడ వెళ్ళి ఐసు పెట్టె అంచు మీద మొహం పెట్టి పడింది. లేచేసరికి మూతంతా నెత్తురు. ఆవిడ గుప్పిట్లో పుష్పవతి జుట్టు ఇంకా ఉంది, కుదుళ్ళతో సహా.

దారి పొడుగునా మా అత్త చెంగుతో మూతి అదుముకుంటూ నడిచింది. ఇంటికి వచ్చాక మా ఆయన లక్ష్ముడికి అన్నం వడ్డించింది. చెంగుకి కట్టుకున్న ముడి విప్పి, ఊడిపోయిన పన్ను తీసి కంచం పక్కన పెట్టింది. మా ఆయన అన్నం కలపలేదు. చెయ్యి కడుక్కుని లేచి పెద్దల దగ్గరికి పోయాడు.

మా పేట పెద్ద జోగులు. సముద్రం మీద తగువులు తీర్చడంలో ఆయన మాటే మాట. మావాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. క్రీకు, అంటే ఉప్పుటేరు, సముద్రంలో కలిసే మొగ దగ్గర ఒకడి వంతు ఉండగా ఇంకొకడు అడ్డంగా వల వేస్తే, ఆ వలతాడు కోసెయ్యొచ్చు. మొదటి కోత మాత్రం నష్టపోయినవాడే తన చేత్తో కొయ్యాలి. వేరేవాడు కోస్తే అది దొంగతనం, సొంతదారు కోస్తే న్యాయం. ఆ కోతతో తగువు తీరిపోతుంది, ఎదుటివాడు మళ్ళీ నోరెత్తడు. జోగులు చాలాసేపు చుట్ట కాల్చి, వీధి మొగన పెట్టిన షాపు కూడా మొగన వేసిన వల లాంటిదేనని తేల్చాడు. విమానంలో వచ్చే పూలపెట్టెలకు తాళ్ళుంటాయి కదా, అవే కొయ్యమన్నాడు.

ఆ చట్టం పుష్పవతికి తెలియదన్న ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు. తాడు తెగితే తగువు తెగిందని మేమనుకున్నాం. రోడ్డు మీద నడిచేవాళ్ళకి వేరే చట్టాలుంటాయని తట్టనే లేదు.

"ఈది ఎవులిది?" అని అడిగాడు జోగులు.

మా అత్త నా రెక్క పట్టుకుని ముందుకు తోసింది.

మద్రాసు విమానం దిగిన రోజు పొద్దున, ఎయిర్‌పోర్టు నుంచి రోడ్డు మలుపు తిరిగే చోట కల్వర్టు దగ్గర కాపు కాశాం. మా ఆయనా, ఆయన పడవలో పనిచేసే ఇద్దరూ, మా అత్తా, నేనూ. చేపలు కడిగిన నీళ్ళు నిల్వబెట్టిన డబ్బా ఒకటి మా అత్త నెత్తి మీద ఉంది. ఆ కంపుకి దారినపోయేవాళ్ళు ముక్కు మూసుకుని మావైపు చూసి, గబగబా వెళ్ళిపోయారు. నా చేతిలో చేపల కత్తి. ఆ వీధి తప్ప నాది అని చెప్పుకోడానికి నాకింకేమీ లేదు, దానికోసం కొయ్యమన్నది తాడునే కదా అనుకున్నాను.

చిన్న వ్యాను వచ్చింది. మా ఆయన తెడ్డు అడ్డం పెట్టి ఆపాడు. డ్రైవరు ఒకసారి మమ్మల్నీ తెడ్లనీ చూసి, తాళాలు అక్కడే వదిలి పారిపోయాడు. వెనక పెట్టెల మీద కూర్చున్న ప్రేమయ్య కిందికి దూకాడు. బస్తాలు లాగే కొక్కెం అతని చేతిలో ఉంది.

"లక్ష్ముడు భయ్యా, ఇవాళొద్దు," అన్నాడు. "ఇది షాపు సరుకు కాదు. పెళ్ళివాళ్ళది. అప్పలకొండమ్మగారి అమ్మాయి పెళ్ళి రేపు. వాళ్ళే తెప్పించుకున్నారు."

అప్పలకొండమ్మది మా వీధిలో మొదటి ఇల్లు. ఆవిడ కూతురు పుట్టిన రోజు నుంచీ ఆ ఇంటికి మా అత్త పూలే వెళ్ళాయి. పెళ్ళి ఉందని మాకూ తెలుసు. దండల కోసం ఆ వారమంతా చౌల్దారీ మొగ్గలు ఎవరికీ ఇవ్వొద్దని మా అత్త ముందే చెప్పి ఉంచింది. కబురు ఇంకా రాలేదేమని నేనడిగితే, వాడిక ఇంటికి కబురేటే అని కసిరింది కూడా.

"అప్పలకొండ నాకు తెలీకుండా పెళ్ళి పువ్వులు తెప్పిస్తాదా?" అంది ఇప్పుడు. "అబద్దం. కొయ్యే."

నేను తాడు కోశాను.

మూత ఊడి పక్కకి పడింది. లోపల తడిగుడ్డ మీద పూలజడ ఉంది. మల్లెమొగ్గల మధ్య ఎర్ర గులాబీలు కూర్చి, ఎవరి వీపుకో కొలత తీసి కట్టిన పొడుగాటి జడ. దాని పక్కన రెండు పెళ్ళిదండలు. ప్రేమయ్య చెప్పింది నిజమేనని నాకు అర్థమైంది, మా అత్తకూ అర్థమైంది. ఆవిడ మొహం చూసి నాకు భయం వేసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆవిడ డబ్బా దించి ఆ నీళ్ళన్నీ జడ మీద కుమ్మరించింది.

అప్పుడు ప్రేమయ్య కొక్కెం తిప్పాడు. అది మా ఆయన మోచేతి దగ్గర దిగి మణికట్టు దాకా చీల్చుకుంటూ వచ్చింది. తెల్లగా లోపలి మాంసం కనబడింది, ఆ తర్వాతే నెత్తురు వచ్చింది. మిగతా ఇద్దరూ ప్రేమయ్యను కింద పడేసి తన్నారు. పొట్టలో, వీపులో, ఎక్కడ తగిలితే అక్కడ. అతను "యేసయ్యా" అని ఒక్కసారే అన్నాడు. మా ఆయన నెత్తురోడుతున్న చేత్తోనే తెడ్డు తీసుకుని, కొక్కెం పట్టుకున్న ఆ కుడిచెయ్యి కల్వర్టు రాయి మీద పెట్టించి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. ఎముకలు విరిగిన చప్పుడు నాకు బాగా వినబడింది. నేను రోడ్డు పక్కన కూలబడి కక్కుకున్నాను. మా అత్త ఒక్కో పెట్టె తెరిచి, ఒక్కో పువ్వునూ కాలి కింద వేసి నలిపింది.

ఆ సాయంత్రం ఆవిడ కట్టిన దండలంత మంచివి నేను ఎప్పుడూ చూడలేదు. మా ఆయన కుట్లు వేయించుకుని ఎవరి పడవలోనో దాక్కున్నాడు. ఈవిడ మాత్రం ముంగిట్లో కూర్చుని మొగ్గ మొగ్గా ఏరి కట్టింది. ఇప్పుడిక అప్పలకొండమ్మకు తన పూలు తప్ప గతి లేదనీ, తెల్లారేసరికి తనే కబురు పెడుతుందనీ మా అత్త నమ్మకం. కబురు రాలేదు. మేమే వెళ్ళాం. మా అత్త పెట్టెలో దాచుకున్న పట్టుచీర కట్టుకుంది.

పెళ్ళింట్లో సన్నాయి మోగుతోంది. మమ్మల్ని చూసి ఎవరో సన్నాయివాళ్ళకి సైగ చేశారు, అది ఆగింది. అప్పలకొండమ్మ గేటు దగ్గరికి వచ్చింది, తెరవలేదు. ఆవిడ వెనకాల మండపంలో పీటల మీద పిల్ల కూర్చుని ఉంది. జడకు ఎర్ర రిబ్బను కట్టారు. మెడలో తులసి దండ.

"లోపలికి రావద్దు సింహాచలం," అంది అప్పలకొండమ్మ. గొంతు పెంచలేదు.

మా అత్త బుట్ట మీద గుడ్డ తీసి చూపించింది. "నీ కూతురికని కట్టినాను. సూడు."

"బాగున్నాయి. వద్దు." అప్పలకొండమ్మ గేటు ఊచ రెండు చేతులా పట్టుకుంది. "నీకు చెప్పకుండా తెప్పించుకున్నాను. చెబితే ఏం చేస్తావోనని. ఇన్నేళ్ళు నీ పూలు పెట్టుకున్నాను కదా, ఇష్టపడి పెట్టుకున్నానో, భయపడి పెట్టుకున్నానో నాకే తెలీదు. మా పిల్ల మాత్రం భయపడి పెట్టుకోదు."

ఆవిడ వెళ్ళిపోయింది. సన్నాయి మళ్ళీ మొదలైంది. మా అత్త దండల్ని బుట్టలోంచి తీసి, రోజూ మూర తగిలించినట్టే గేటుకి తగిలించి వెనక్కి తిరిగింది. మేం ట్యాంకు దాకా వచ్చేసరికి అవి కాలవలో ఉన్నాయి.

రెండోనాడు మా ఆయన్ని జెట్టీ దగ్గర పట్టుకున్నారు. కేసు పెట్టారు. లాకప్‌లో కుట్లు చీముపట్టి, చెయ్యి తొడంత లావున వాచింది. నేను అన్నం పట్టుకెళితే ఊచల మధ్య నుంచి ఎడమచేత్తో తినేవాడు. తాడు కోశాక తగువు తీరిపోవాలి కదా, ఈళ్ళకి నీతి నేదా అని నన్ను అడిగేవాడు. జోగులు ఒక్కసారి కూడా చూడ్డానికి రాలేదు.

పుష్పవతి షాపుకి తాళం పడింది. మా అత్త దాన్ని గెలుపు అనుకుంది. పొద్దున్నే బుట్టెత్తుకుని వెళ్ళి ప్రతి గుమ్మానికీ మూర తగిలించేది, సాయంత్రానికల్లా అన్నీ కాలవలో తేలేవి. ఆడవాళ్ళు పెరట్లో మందారాలతో దేవుడి పటాలకు సరిపెట్టుకుని, ఉత్త తలలతో తిరిగారు కానీ మా పువ్వు ముట్టుకోలేదు. ఒకనాడు నడివీధిలో ఒక చిన్నపిల్ల మేకు మీద చెయ్యి అడ్డం పెట్టి, "అమ్మ వద్దంది నానీ," అని అమ్మమ్మని పిలిచినట్టే మా అత్తతో అంది. మా అత్త ఆ పిల్లను లాగి చెంప మీద కొట్టింది. పిల్ల పెదవి చిట్లింది. అంతే, ఆ పిల్ల బాబాయిలు ఇద్దరు వచ్చి బుట్టను తన్నారు, మా అత్తను తన్నారు, అడ్డం వెళ్ళిన నన్నూ తన్నారు. చెప్పులతో కొట్టారు. వీధంతా గుమ్మాల్లో నిలబడి చూసింది, ఒక్కరూ ఆపలేదు. నా చీర చిరిగిపోతే పమిట రెండు చేతులా పట్టుకుని జంగ్లీఘాట్ దాకా నడిచి వచ్చాను. ఆవేళ నాకు ఏడుపు కూడా రాలేదు, ఒళ్ళంతా కోపమే. ఆ కోపం వాళ్ళ మీద కాదు.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా పుష్పవతి ఇంటికి వెళ్ళాను.

తలుపు తీసి నన్ను చూసింది. తల మీద ఒకచోట జుట్టు లేదు, అక్కడ చర్మం ఎర్రగా మెరుస్తోంది. నేను నోరు తెరిచేలోపే సాచి చెంప మీద కొట్టింది. చెవిలో గింగురుమంది. ఇంకోటి కొడుతుందని కళ్ళు మూసుకున్నాను. కొట్టలేదు. స్టూలు చూపించి కూర్చోమంది.

ప్రేమయ్య మంచం మీద ఉన్నాడు. కుడిచేతికి వేళ్ళ దాకా పిండికట్టు. పెట్టెలు మోసే పని ఇక కుదరదని డాక్టర్లు చెప్పేశారట. అతను నావైపు చూడకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు. కేసు గురించి ఎలా అడగాలో తెలియక నేను నా మోకాళ్ళు చూసుకుంటూ కూర్చున్నాను.

"క్షమించమని పాస్టరుగారు ప్రతి ఆదివారం చెబుతున్నారు," అంది పుష్పవతి. "నాకింకా చేతకావడం లేదు. నీకు అబద్ధం చెప్పను. కానీ ఆయన చెయ్యి పోయింది, షాపు తెరవకపోతే మాకు జరగదు."

తర్వాత ఆవిడ చెప్పుకుంటూ పోయింది. ఎవరికీ చెప్పుకోలేదేమో, అంతా నాకే చెప్పింది. షాపు నేను అద్దంలోంచి చూసినట్టుగా ఏమీ నడవలేదట. ఎవరొస్తారో, ఏం అడుగుతారో తెలియక అన్ని రకాలూ తెప్పించేదిట. సగం అమ్ముడయ్యేవి, సగం కుళ్ళి చెత్తలోకి పోయేవి. విమానం రాని రోజున ఐసు పెట్టెలో నీళ్ళు తప్ప ఏమీ ఉండేవి కావు. గొడవ జరగకపోయినా ఇంకొన్నాళ్ళకి మూసుకునేదాన్నే అంది. అద్దాల వెనక కూర్చుని ఎదురుచూస్తే లాభం లేదు, ఏ ఇంటికి రేపు ఏం కావాలో ఇవాళే తెలియాలి, తెలిస్తే అంతే తెప్పించుకోవచ్చు.

"మీ అత్తకి ఇళ్ళు తెలుసు, కానీ ఆవిడ ఎవర్నీ అడగలేదు. నేను అడుగుదామంటే నాకు ఇళ్ళు తెలీవు," అంది. "నువ్వు సాయంత్రం ప్రతి గుమ్మానికీ వెళ్ళి, రేపు పూలు కావాలా అని అడుగు. కావాలన్నవాళ్ళకి పొద్దున పట్టుకెళ్ళు. వద్దన్న గుమ్మంలో నిలబడకు. ఇది చెయ్యి, కేసు రాజీ చేసుకుంటాను. నీ మొగుడి కోసం కాదు. నాకు కాళ్ళున్న మనిషి కావాలి."

"ఎవులూ కావాలనకపోతేనో?" అన్నాను.

"అప్పుడు ఇద్దరం మూసుకుందాం."

ప్రేమయ్య గోడవైపు తిరిగే, చౌల్దారీ పూలు కూడా కలుపుకోమన్నాడు, అవి విమానం కోసం చూడక్కర్లేదన్నాడు.

ఇంటికి వచ్చి మా అత్తకు దాచకుండా చెప్పాను. దాస్తే ఎలాగూ వీధి చెబుతుంది. ఆవిడ ముంగిట్లో కొబ్బరిమట్టలు ముక్కలు కొడుతోంది. నేను బయల్దేరి గడప దాటుతోంటే చేతిలో ఉన్న మట్ట తిప్పి కొట్టింది. నుదుటి మీద, కనుబొమకి పైన తగిలింది. చర్మం చీలి ఒక కన్ను నెత్తురుతో మూసుకుపోయింది.

"నాను కొరికి తెచ్చిన ఈదిలో, నువ్వు గుమ్మం గుమ్మానా సెయ్యి సాపుతావేటే?" అంది. ఊడిన పంటి సందులోంచి మాట ఈలలా వచ్చింది.

"ఆ ఈది నాకు పెట్టినావు కదా అత్తా. నాదైతే నానే అడుగుతాను."

మట్ట మళ్ళీ పైకి లేచింది. నేను కదల్లేదు. ఈసారి భుజం మీద కొట్టింది, మొదటి దెబ్బ అంత గట్టిగా కాదు. నేను చీర అంచు చింపి నుదుటికి కట్టుకుని బయటికి నడిచాను. వెనకాల ఆవిడ గోడకేసి మట్టను కొడుతూనే ఉంది. నేను రోడ్డెక్కే దాకా ఆ చప్పుడు వినబడింది.

డైరీ ఫార్మ్ ఎక్కేసరికి ఎండ వాలింది. అప్పలకొండమ్మ గేటు దగ్గరే బట్టలు తీస్తోంది. పిల్లను అత్తారింటికి పంపేశారు, పందిరి గుంజలు ఇంకా పీకలేదు. అంతకుముందు ఆ గుమ్మానికి ఎన్నిసార్లు వచ్చానో లెక్కలేదు కానీ, తలుపు కొట్టడం మాత్రం ఎరగను. గేటు బయటే నిలబడి దగ్గాను.

"దీదీ, రేపు పూలు కావాలా?"

ఆవిడ బట్టలు చంకలో పెట్టుకుని నా కట్టువైపు చూసింది. నెత్తురు ముక్కు పక్కనుంచి కారి ఎండిపోయి ఉంది.

"ఎవరు కొట్టారు?"

"మా అత్త."

"నేను వద్దంటే మళ్ళీ కొడుతుందా?"

"కొట్టొచ్చు. నా దెబ్బలు నాను పడతాను దీదీ. మీకు కావాలంటేనే చెప్పండి."

అప్పలకొండమ్మ జారిపోతున్న బట్టలు చంకలోకి ఎగదోసుకుంది. ఆవిడ జాలిపడి ఎక్కడ సరే అనేస్తుందోనని భయపడ్డాను. అలా అంటే మళ్ళీ మొదటికొచ్చినట్టే.

"వద్దు," అంది చివరికి. సూటిగా నా కళ్ళలోకి చూసే అంది.

"సరే దీదీ," అన్నాను. కాళ్ళలోకి సత్తువ వచ్చినట్టయింది. ఆ తర్వాత రెండిళ్ళు తలుపే తియ్యలేదు. ఇంకో ఇంట్లో కిటికీలోంచి చెయ్యి ఊపి పొమ్మన్నారు. పొమ్మంటే పోయాను.

పై మలుపులో జ్ఞానవతి దీదీ ఇల్లు. మెట్ల మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. నేను అడగగానే చేట పక్కన పెట్టి, వీధి కిందికీ పైకీ చూసింది. మా అత్త వెనకాల ఉందేమోనని చూసిందని నాకు తెలుసు.

"నువ్వొక్కదానివే వచ్చావా?"

"ఒక్కదాన్నే దీదీ."

"కనకాంబరాలు దొరుకుతాయా?"

"చౌల్దారీలో దొరుకుతాయి."

"అయితే ఒక మూర తీసుకురా. మల్లెలు మాత్రం తేవద్దు తల్లీ, ఆ వాసనకి నాకు తల పగిలిపోతుంది."

నేను కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ మల్లెల కాలమంతా ఆ గుమ్మానికి మల్లెమూరే తగిలించాను. అంతకుముందు మా అత్త తగిలించింది. మరి ఇన్నేళ్ళూ వాటిని ఏం చేసేవారని అడిగాను.

"ఏం చేస్తాను, మేకకి వేసేదాన్ని," అంది జ్ఞానవతి దీదీ. "దాని పాలు కూడా అదే వాసన."

నాకు నవ్వు వచ్చింది. ఆపుకోలేకపోయాను. నవ్వితే నుదుటి మీద చీలిక విచ్చుకుని కట్టు మళ్ళీ తడిసింది, నెత్తురు కంట్లోకి దిగింది, అయినా నవ్వుతూనే ఉన్నాను. ఆవిడ కంగారుపడి లోపలికి వెళ్ళి తడిగుడ్డ తెచ్చింది. మొహం తుడుచుకుని, కనకాంబరాలు ఒక మూర అని మరోసారి ఆవిడతో చెప్పించుకుని, పక్కింటి మెట్లెక్కాను.